అట్రాక్టా ఎలాగూ గెలుస్తుంది

సెయింట్ ఫింటన్ వీధి ఓట్ల పెట్టె బల్ల మీద బోర్లించారు. ఇనప కడ్డీకి అవతల లెక్కపెట్టేవాళ్ళు, ఇవతల మేం, పార్టీల మనుషులం. వాళ్ళు ఓటు కాయితాలు విప్పి సాపు చేసేటప్పుడు, ఆ ఒక్క క్షణంలో ఒకటో అంకె ఎవరికి పడిందో కనిపెట్టి మేం గీతలు పెట్టుకోవాలి. పెళ్ళి కాకముందు నుంచీ చేస్తున్న పనే ఇది. ఒక పెట్టె తెరుచుకోకుండా ఉంటే బావుండుననుకోవడం మాత్రం ఇదే మొదటిసారి.

నా పక్కన ఫెస్టస్ ఉన్నాడు. మా పార్టీ తరఫున గీతలు లెక్కగట్టే పెద్దమనిషి. కడ్డీ మీద బొజ్జ ఆనించి అరగంటసేపు గీసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏవమ్మా ఊనా, ఇది అట్రాక్టా సొంత వీధే కదా?"

"అవును."

"ఆ పిల్ల పుట్టి పెరిగిన వీధి. వాళ్ళమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది. మరి ఒకటో అంకె వరసపెట్టి మీ పిల్లాడు కొర్మాక్‌కి పడుతోందేంటి? అట్రాక్టాకి అన్నీ రెండోవే."

"కళ్ళజోడు మార్పించుకో," అన్నాను.

"కళ్ళజోడు లక్షణంగా ఉంది," అన్నాడాయన. "ఎవరో ఇంటింటికీ వెళ్ళి చెప్పకుండా వీధికి వీధి ఇలా వెయ్యదు."

చెప్పింది నేనే. అట్రాక్టాకి ఎన్నికల పనంతా చూసే మనిషిని, బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న దాన్ని, నేనే వెళ్ళి ఆ వీధిని ఆమె చేతిలోంచి లాగేశాను. ఇప్పుడు ఆమె సీటు ఉంటుందో పోతుందో ఆ బల్ల మీద తేలబోతోంది.

పేపర్లవాళ్ళు మా ఊరు రాత్‌కొలిన్‌ని మెక్‌గ్లిన్ల కోట అని రాస్తారు. కోటా లేదు పాడూ లేదు. నా చిన్నప్పుడు ఇక్కడ ఉన్నవి క్యాబేజీ పొలాలు. డబ్లిన్ నడిబొడ్డున కూలడానికి సిద్ధంగా ఉన్న ఇళ్ళు పడగొట్టి, జనాన్ని తెచ్చి ఈ పొలాల్లో దింపారు. ఇళ్ళు కట్టారు గానీ బడి కట్టలేదు, బస్సు వెయ్యలేదు. ఓట్లు మాత్రం ఉన్నాయి కదా, అందుకని మూడు సీట్లతో ఒక నియోజకవర్గం గీసి పారేశారు. మొట్టమొదటి ఎన్నికల్లో అట్రాక్టా నాన్న డైనీ మెక్‌గ్లిన్ సైకిలు మీద తిరిగి గెలిచాడు. ఆయనకి పెద్దగా ఉపన్యాసం కూడా రాదు. ఎవరింట్లో చావు జరిగినా చర్చిలో వెనక వరసలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడేవాడు, అంతే. ఎవరికి పింఛను ఆగినా, ఎవరి కప్పు కారినా ఆదివారం పొద్దున వాళ్ళ వంటింట్లో ఆయన ముందు కూర్చుంటే పని జరిగేది. ఆ వచ్చినవాళ్ళందరికీ ఆయన భార్య బ్రిజీ టీ పెట్టేది.

తివాచీల ఫ్యాక్టరీ మూతపడ్డ ఏడు ఓడిపోయాడు. ఆ కోపం ఆయన మీద కాదు, ప్రభుత్వం మీద. పై ఎన్నికకే మళ్ళీ ఆయన్నే తెచ్చుకున్నారు. ఆయన పోయాక ఉప ఎన్నిక వచ్చింది. బళ్ళో పాఠాలు చెప్పుకుంటున్న అట్రాక్టాని, ఒంటిమీద నాన్న చావుకి వేసుకున్న నల్లకోటు ఉండగానే నిలబెట్టారు. గెలిచింది. ఆ తర్వాత సముద్రం వైపు వీధుల్ని మా నుంచి పీకేసి, కాలవ అవతలి కొత్త అపార్ట్‌మెంట్లని మాకు అంటగట్టారు. సీట్లు నాలుగయ్యాయి. పార్టీలు పెరిగాయి, తరిగాయి. అట్రాక్టా మటుకు ప్రతిసారీ గెలుస్తూనే ఉంది. దాంతో ఆమె గురించి కంగారు పడటం అందరూ మానేశారు. నేనూ మానేశాను.

ఈ చరిత్రంతా నా కాళ్ళతో నడిచిందే. వానలో తడిసి ముద్దయిన కరపత్రాలు, వేళ్ళు పట్టుకుని వదలని ఉత్తరాల డబ్బాలు, గేటు తీయగానే మీదికొచ్చే కుక్కలు, ఇవన్నీ నా భాగం. గెలిచిన ప్రతిసారీ ఆమెని భుజాలకెత్తుకుని ఊరేగించేవాళ్ళు. నేను వాళ్ళందరి కోట్లూ పట్టుకుని గోడవార నిలబడేదాన్ని. అట్రాక్టా మంచిది, పైనుంచే నన్ను వెతుక్కుని చెయ్యి ఊపేది. అయినా కడుపు మండలేదంటే అబద్ధం.

ఈసారి పార్టీ ఇద్దర్ని నిలబెట్టింది. రెండో మనిషి కొర్మాక్, మా చెల్లెలి కొడుకు. అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు. చెల్లెలు పోయాక నా దగ్గరే పెరిగాడు. దీపస్తంభాల మీద వాడి బొమ్మ కట్టిస్తుంటే నాకు ఏడుపొచ్చింది. మా వంశంలో ఎవరి బొమ్మా ఎప్పుడూ అంత ఎత్తున లేదు.

మా దగ్గర ఓటంటే పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలు వెయ్యడం. ఒకటి ఎవరికి వేస్తే కాయితం వాళ్ళ కట్టలోకి పోతుంది. వాళ్ళు తక్కువ ఓట్లతో పోటీలోంచి ఎగిరిపోతేనో, కావలసిన దానికన్నా ఎక్కువ ఓట్లు పడితేనో తప్ప రెండో అంకె వంక ఎవరూ చూడరు. అందుకని ఒకే పార్టీ వాళ్ళు ఇద్దరున్నప్పుడు ఊరిని పంచుకుంటాం. కాలవ పక్కనుంచి పోయే మిల్లు రోడ్డుకి ఇటువైపంతా ఒకటి అట్రాక్టాకి, రెండు కొర్మాక్‌కి. కాలవ అవతల దానికి తలకిందులు. పార్టీ ఆఫీసు కుర్రకారు సర్వేలు చూసి, "అట్రాక్టా ఎలాగూ గెలుస్తుంది, రెండో సీటు చూడండి," అన్నారు. ఆ మాట నాకు తేనెలా అనిపించింది.

పోలింగుకి ముందు శనివారం కాలవ అవతల కొర్మాక్ పని ఏమీ బాగాలేదు. అపార్ట్‌మెంట్ల వాళ్ళు తలుపు తియ్యరు. గోడకున్న స్పీకరులోంచి "వద్దండీ" అంటారు, అంతే. వాడు తడిసిన కరపత్రాల కట్ట పట్టుకుని, "పెద్దమ్మా, నేను పనికిరానేమో," అన్నాడు. వాణ్ణి ఇంటికి పంపేసి నేను మిల్లు రోడ్డు దాటి ఇటు వచ్చాను. సెయింట్ ఫింటన్ వీధిలో మొదటి తలుపు మిసెస్ డూలన్‌ది.

"అట్రాక్టా కోసమా? నాకు చెప్పాలా ఊనా? వాళ్ళ నాన్న దగ్గర్నుంచీ మా ఇంట్లో ఒకటి వాళ్ళకే," అందామె.

"అట్రాక్టా ఎలాగూ గెలుస్తుందండీ," అన్నాను. "ఈ ఒక్కసారికి ఒకటి మా పిల్లాడికి వేసి, రెండు అట్రాక్టాకి వెయ్యండి. ఆమే చెప్పమంది."

ఆమే చెప్పమంది. ఈ ముక్క నోట్లోంచి ఎలా ఊడిపడిందో గానీ, రెండో గుమ్మంలో దానంతటదే వచ్చింది. మూడో గుమ్మానికి వచ్చేసరికి నాకే నిజంలా అనిపించింది. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఆ వీధివాళ్ళు పార్టీ ఎలా చెబితే అలా వేసే మనుషులు. అలా నేర్పింది డైనీయే. బ్రిజీ గుమ్మం దగ్గర మాత్రం ఆగకుండా దాటేశాను.

ఇక లెక్కింపు రోజు హాల్లో ఏం జరిగిందో చెప్తాను. సాయంత్రానికి మూడు సీట్లు అవతలి పార్టీలకి పోయాయి. తక్కువ ఓట్లొచ్చిన వాళ్ళందరూ ఒక్కొక్కరే ఎగిరిపోయారు. చివరికి మిగిలింది ఒక్క సీటు, ఇద్దరు మనుషులు. అట్రాక్టా, కొర్మాక్. ఎక్కువున్నవాళ్ళది సీటు. కొర్మాక్‌కి ముప్పై పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చాయి. నేను తిరిగిన ఆ ఒక్క వీధిలో అంతకు నాలుగింతల కాయితాలున్నాయి. ప్రతిదాని మీదా అట్రాక్టా పేరు పక్కన రెండో అంకె ఉంది. కొర్మాక్ పోటీలోనే ఉన్నాడు కాబట్టి దాన్ని చదివే అవసరం ఎవరికీ రాలేదు.

అట్రాక్టా నన్ను మూలకి లాక్కుపోయింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది గానీ గొంతు గట్టిగానే ఉంది.

"ఒసే ఊనా, ఎక్కడో పొరపాటు జరిగింది. మా వీధి కట్ట వాడి కట్టలో కలిపేశారు."

"అలా కలుపుతారా?" అన్నాను.

"మరి? మా వీధి నాకు వెయ్యలేదంటే నమ్ముతావా నువ్వు? ఇంటింటికీ తిరిగినదానివి నువ్వే కదా. నువ్వు చెప్పు. మా వీధి నాదేనా, కాదా?"

అప్పుడు చెప్పెయ్యాల్సింది. హాలంతా గోల, పక్కనే ఫెస్టస్ శాండ్‌విచ్ తింటూ నన్నే చూస్తున్నాడు. నోరు తెరిచాను.

"నీదే," అన్నాను.

"అయితే మళ్ళీ లెక్కపెట్టమని అడుగుతా."

"అడుగు," అన్నాను. ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి. నా నోటితో నేనే అన్నాను.

ఆదివారం పొద్దున్నుంచీ మళ్ళీ లెక్క. అందరూ అలసిపోయారు. అట్రాక్టా లెక్కపెట్టే అమ్మాయిల వెనక నిలబడి ఒక్కో కట్టా విప్పించి చూస్తోంది. ఎన్నికల అధికారి మర్యాదస్తుడే, అయినా ఆయన మొహంలో విసుగు కనబడుతోంది. అవతలి పార్టీ వాళ్ళు గోడకానుకుని నవ్వుకుంటున్నారు. "సొంత వీధివాళ్ళే వద్దన్నారు, ఒప్పుకోదేంటి," అని ఒకడు నాకు వినపడేలా అన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టాల్సింది వాణ్ణి కాదు కదా.

కొర్మాక్ గెలిచిన మనిషిలా లేడు. నా పక్కకొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"పెద్దమ్మా, ఆ వీధి నాకు పంచలేదు కదా?"

"పంచలేదు."

"మరెవరు చెప్పారు వాళ్ళకి?"

"నువ్వు వెళ్ళి కాస్త ఏదైనా తినరా," అన్నాను.

వాడు కదల్లేదు. చిన్నప్పుడు నేను అబద్ధం చెప్పినప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు. తర్వాత వెళ్ళి అట్రాక్టా వెనకాల నిలబడి ఆమెకి కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు గానీ వాడి భుజం తట్టింది.

మధ్యాహ్నానికి సెయింట్ ఫింటన్ కట్ట మళ్ళీ ఆమె కళ్ళ ముందే విప్పారు. అట్రాక్టా ఒక్కో కాయితమే చూసింది. సగం దాకా చూసి ఆగిపోయింది.

"చాలండీ," అంది అధికారితో. "పొరపాటు మీది కాదు. మీకందరికీ శ్రమ ఇచ్చాను, మన్నించండి."

తర్వాత వేదికెక్కి కొర్మాక్ చెయ్యి పైకెత్తి పట్టుకుంది. ఈసారి భుజాలకెత్తుకున్నది వాణ్ణి. నేను ఎన్నేళ్ళుగానో కోరుకున్న దృశ్యం అది. సరిగ్గా చూడలేకపోయాను. అట్రాక్టా కిందికి దిగి వచ్చి నా పక్కన గోడవార నిలబడింది, ఎవరిదో కోటు చేత్తో పట్టుకుని.

"నన్ను అమ్మ దగ్గరికి తీసుకెళ్ళవే," అంది. "నేనిప్పుడు కారు నడపలేను."

దారిలో రెండుసార్లు మొదలుపెట్టాను. "అట్రాక్టా, నీకొక మాట చెప్పాలి," అన్నాను.

"ఇప్పుడు కాదే. అమ్మకి ఎలా చెప్పాలో ఆలోచించుకోనీ. నాన్న సీటు పోగొట్టానని చెప్పాలి కదా," అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దీపస్తంభాలకి ఆమె బొమ్మలు ఇంకా వేలాడుతున్నాయి. నోరు మూసుకోమంది కదా అని హాయిగా మూసుకున్నాను. ఆ క్షణంలో నాకు ఊపిరి తేలికపడిందని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బ్రిజీకి తొంభై దాటాయి. కళ్ళు బాగానే కనిపిస్తాయి గానీ చెవులు మొరాయిస్తాయి. రేడియో కట్టేసి, వంటింట్లో పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంది. మమ్మల్ని చూడగానే ముఖం విప్పారింది.

"వచ్చారా. పిల్లాడు గెలిచాడా?" అని అడిగింది ముందుగా.

"గెలిచాడమ్మా," అంది అట్రాక్టా గట్టిగా.

"హమ్మయ్య. నా ఓటు వృథా పోలేదు."

అట్రాక్టా కోటు విప్పబోతున్నదల్లా ఆగింది. "నీ ఓటేంటమ్మా?"

"నేనూ వాడికే కదే వేశాను ఒకటి," అంది బ్రిజీ, ఘనకార్యం చేసిన చిన్నపిల్లలా. "మా గుమ్మం దగ్గరికి ఎవరూ వచ్చి చెప్పలేదనుకో. మిసెస్ డూలన్ చెప్పింది. ఊనా ఇంటింటికీ తిరిగి, ఈసారి ఒకటి పిల్లాడికి వెయ్యమని నువ్వే చెప్పమన్నావని చెప్పిందట కదా. వీధంతా ఒక మాట మీదుంటే నేను తప్పుతానా? మీ నాన్న మొదటి ఎన్నిక నుంచీ ఈ ఇంట్లో ఉన్నదాన్ని, ఆ మాత్రం తెలీదా నాకు. చెయ్యి ఆడలేదనుకో. నీ పేరు పక్కన రెండు వేస్తుంటే ఏదోలా అనిపించింది. అయినా నువ్వు ఎలాగూ గెలుస్తావని అంది కదా ఊనా."

అట్రాక్టా నా వైపు తిరిగింది. ఒక్కసారే చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బతికిపోయేదాన్ని. లెక్క కుదిరిన మనిషి చూపు అది. హాల్లో కట్ట సగం దాకా చూసి ఆమె ఎందుకు ఆగిందో నాకు అప్పుడర్థమైంది. వాళ్ళమ్మ వేసే ఒకటి, పైన కొక్కెంలా వంకీ తిరిగి ఉంటుంది; అది కొర్మాక్ పేరు పక్కన కనపడింది ఆమెకి. ఆ ఇంటి టీ డబ్బాల మీద ఆ అంకెలు చూస్తూ పెరిగిన పిల్ల ఆమె.

"మరి నువ్వు ఎన్ని ఓట్లతో గెలిచావు?" అంది బ్రిజీ.

ముసలావిడ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. నవ్వు మెల్లగా కరిగిపోయింది.

"ఓడిపోయావా?"

"ఓడిపోయానమ్మా."

"ఎంతలో?"

"చాలా తేడానే అమ్మా," అంది అట్రాక్టా.

"నేను ఒకటి నీకు వెయ్యలేదు కదే," అంది బ్రిజీ. దుప్పటి మీద చేతులు వెతుక్కుంటున్నాయి. "నేనూ, డూలన్ వాళ్ళూ, అటువైపు వాళ్ళూ... మేమందరం నీకు వెయ్యలేదు కదే."

అట్రాక్టా కుర్చీ లాక్కుని ఆమె మోకాళ్ళ దగ్గర కూర్చుని, చేతులు రెండూ పట్టుకుంది.

"వేశావు కదమ్మా రెండు. నీ రెండు నాకు చేరింది. మన వీధివన్నీ నాకు చేరాయి. నేను ఓడింది కాలవ అవతల, ఇక్కడ కాదు."

బ్రిజీ కూతుర్ని నమ్మలేదు. తల్లి కదా. నా వైపు చూసింది. ఆ ఇంట్లో ఓట్ల లెక్క ఎప్పుడూ నా నోటితో వినడమే అలవాటు, డైనీ రోజుల్నించీ.

"నువ్వు చెప్పు ఊనా. నా రెండు చేరిందా దానికి?"

అట్రాక్టా వెనక్కి తిరగలేదు. వాళ్ళమ్మ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి.

"చేరిందండీ," అన్నాను. "నేను దగ్గరుండి చూశాను."

ముసలావిడ కళ్ళు మూసుకుని, "అయితే సరే," అంది. కాసేపటికి టీ అడిగింది. పెట్టింది నేనే. నా చేతి టీ తాగింది కూడా.

వెళ్ళేటప్పుడు అట్రాక్టా గేటు దాకా వచ్చింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బావుండుననుకున్నాను. కాళ్ళ మీద పడదామనిపించింది. "అట్రాక్టా, నన్ను..." అన్నానో లేదో చెయ్యి అడ్డం పెట్టింది.

"రేపు కూడా రా," అంది. "ఎల్లుండి కూడా. అమ్మ మళ్ళీ అడుగుతుంది, రోజూ అడుగుతుంది. నేను చెప్తే నమ్మదు, నువ్వు చెప్తే నమ్ముతుంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ వచ్చి చెప్పి పో."

వస్తానన్నాను.